రాని తేదీల వేలిముద్రలు

స్వర్ణముఖి యూనివర్సిటీ పరీక్షల విభాగంలో అటెండరు చెంగల్రాయుడు చెప్పిన కతలన్నీ మూట కడితే, ఆ మూటను తిరుమల కొండ ఎక్కించడానికి రెండు బస్సులు చాలవు, వెనకనుంచి తోయడానికి మూడోది కావాలి. ఒక కుర్రాడు స్క్వాడ్‌ను చూసి స్లిప్పు మింగేశాడనీ, కడుపునొప్పి అంటే ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారనీ, ఆ ఫిల్ములో పాఠమంతా అచ్చేసినట్టు పడిందనీ, డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి చదివి "రెండో పాయింటు తప్పు రాసుకున్నావు రా అబ్బాయ్" అన్నాడనీ చెప్పేవాడు. శేషాచలం అడవిలోనుంచి చిరుత ఒకటి దిగి నేరుగా ఏడో నంబరు హాల్లోకి వచ్చిందనీ, స్క్వాడ్ సారు "ఎవరూ కదలొద్దు, జేబులు చూపించండి" అని అరిస్తే అది కూడా ముందుకాళ్లు పైకెత్తి నిలబడిందనీ చెప్పేవాడు. పరీక్షకు ముందు చేతులు వణికే పిల్లలు ఆ చిరుత కత విని నవ్వుకుంటూ లోపలికి పోయేవారు. ప్రొఫెసర్లు కూడా ఆగి వినేవారు. నమ్మినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. నమ్మాలని ఆయనా ఎప్పుడూ కోరుకోలేదు.

కతలు తీసేస్తే మిగిలే చెంగల్రాయుడు చాలా చిన్న మనిషి. చదువు రాదు. పదిహేనేళ్లుగా దినకూలీ మీదే ఉన్నాడు. గంట కొట్టడం, నీళ్లు పోయడం, పరీక్ష అయ్యాక పేపర్ల కట్టలు మోయడం, అదీ పని. తొంభై ఏడు జూన్‌లో దినకూలీలను పర్మనెంటు చేసే జాబితా ఒకటి తయారైంది. అందులో ఆయన పేరు నాలుగోది. ఆ పేరు ఎక్కించినవాడు పరీక్షల విభాగంలో సీనియర్ అసిస్టెంటు జయరావు. ఆ సంగతి తెలిసిన రోజు చెంగల్రాయుడు తుమ్మలగుంటలోని తన ఇంటిదాకా సైకిలు తొక్కలేదు, సైకిలే ఆయన్ని మోసుకుపోయింది.

ఆ గురువారం పొద్దున జయరావు బల్ల మీద రిజిస్టరు తెరిచి, ఇంకు ప్యాడు మూత తీశాడు.

"రాప్పా చెంగల్రాయా, ఏలు ఇట్లియ్యి. సోమవారం నుంచి బీఎడ్ పరీక్షలు. పదకొండు దినాలు, పదకొండు గడులు."

"పరీచ్చలింకా మొదులే కాలేదు గదా సార్."

"మొదులైనాక దినమ్మూ నీ ఏలు కడగతా కూసునేదా నేను? పోయినేడు నీలం ఏలుతో నీళ్ల గ్లాసు ఇచ్చినావని ఆ తమిళం మేడమ్ ఎంత గోల చేసింది, మర్చిపోయినావా?"

మర్చిపోలేదు. అసలు ఆ రిజిస్టరు పుట్టింది మంచికే. పరీక్ష రాసిన పేపర్లను ఎవరూ తాకకుండా, అదే రోజు సాయంత్రం ఆరు గంటలకు కట్టలకు లక్క సీలు వేయాలి. వేసేటప్పుడు ఒక సాక్షి ఉండాలి. "నా ఎదుట సీలు వేయబడినది" అనే మాట కింద ఆ సాక్షి రోజూ చేవ్రాలు చేయాలి. సాక్షి చెంగల్రాయుడు, చేవ్రాలు ఆయన బొటనవేలు. మొదట్లో రోజూ వేసేవాడు. తర్వాత ఇంకు అన్నిటికీ అంటుతోందని వారానికొకసారి అన్నారు. ఆ తర్వాత పరీక్షలన్నిటికీ కలిపి మొదలుకాక ముందే ఒక్కసారి అన్నారు. ఇంటికి తొందరగా పోవచ్చని ఆయనకూ బాగానే ఉండింది. తప్పని ఎవరికీ తోచలేదు. పదకొండు గడుల్లో పదకొండు వేళ్లు, ఎండబెట్టిన అప్పడాల్లాగా, వరసగా అద్దేశాడు.

ఆ చెయ్యి గోడకు తుడిచేలోపే ఇంకో పని పడింది. పదకొండు గంటలకు కాపీ కేసులు తేల్చే మాల్‌ప్రాక్టీసు కమిటీ కూర్చుంటోంది. ఏప్రిల్ పదహారున జరిగిన ఎమ్మెస్సీ లెక్కల మూడో పేపరు జవాబు పుస్తకాలు రెండు, రికార్డు గదిలోనుంచి పై అంతస్తుకు తేవాలి. ఒకటి రూపేష్ అనే కుర్రాడిది, ఒకటి ధరణి అనే పిల్లది.

చెంగల్రాయుడు రెండూ చంకన పెట్టుకుని మెట్లెక్కుతూ, సగంలో చెమట తుడుచుకోవడానికి ఆగాడు. పుస్తకాలు చేతుల్లోకి తీసుకున్నాడు. అంతే, మెట్ల మీదే నిలబడిపోయాడు.

అక్షరాలు రాని మనిషి అందులో ఏం చదివాడని అడగొచ్చు. ఆయన దారం చదివాడు. వెనకటికి ఒకసారి ఎవరో పిల్లవాడు కట్టిన దారం ఊడి అడిషనల్ పేపర్లు గాలికి పోయాయి. అప్పటినుంచి ఏడో నంబరు హాల్లో ఆఖరి పది నిమిషాల్లో చెంగల్రాయుడే బెంచీ బెంచీకీ తిరిగి అందరి పేపర్లూ తానే కట్టేవాడు. ఆయనకు వచ్చిన ముడి ఒక్కటే. దూడకు పలుపు కట్టేటప్పుడు వాళ్ల నాయన నేర్పిన ముడి. ఒక చుట్టు చుట్టి, కొసను దాని కిందికే దూర్చి లాగితే, దూడ గింజుకునేకొద్దీ బిగుస్తుంది. ఆయనది ఎడమచెయ్యి వాటం కాబట్టి ముడి ఎడమకు ఒరిగి ఉంటుంది.

ధరణి పుస్తకానికి ఆ ముడి ఉంది. రూపేష్ పుస్తకానికి స్వీట్ల పెట్టెకు వేసినట్టు ఒకదాని మీద ఒకటి రెండు మామూలు ముడులు ఉన్నాయి.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఆ రోజు రూపేష్ ఆఖరి అరగంటా కిటికీలోనుంచి కొండ చూస్తూ కూర్చున్నాడు. తాను కట్టేటప్పుడు అతనివి రెండే అడిషనల్ పేపర్లు. ఇప్పుడా పుస్తకం పంచాంగమంత లావుగా ఉంది.

ఆ సాయంత్రం సంగతీ గుర్తొచ్చింది. నాలుగున్నరకే జయరావు ఎంతో ప్రేమగా "నీ ఆవు ఈనతా ఉండాదంటివే, పో అప్పా, తాళాలు ఈడ పెట్టేసి పో, సీలు నేనేసుకుంటాలే" అన్నాడు. చెంగల్రాయుడు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి మరీ పోయాడు.

పైన గదిలో అధ్యక్షురాలు ప్రొఫెసర్ చంద్రకాంతమ్మ, ఆమె పక్కన ప్రొఫెసర్ ధనంజయ కూర్చున్నారు. ఫైళ్లు అందిస్తూ జయరావు ఉన్నాడు. చెంగల్రాయుడు పుస్తకాలు బల్ల మీద పెట్టి, తలుపు దగ్గర స్టూలు మీదికి పోయాడు. ముడి సంగతి ఎత్తలేదు. రూపేష్ అప్పటికే వచ్చి, ఇస్త్రీ చొక్కాతో, ఇస్త్రీ మాటలతో, తనకేమీ తెలియదని చెప్పి పోయాడు. ఆ తర్వాత ధరణిని పిలిచారు.

"నాలుగో ప్రశ్నలో, ఏడో వరసలో, ఒకటి రాయాల్సిన చోట ఏడు రాశావు" అంది చంద్రకాంతమ్మ. కోపంగా అనలేదు. "రూపేష్ కూడా ఏడే రాశాడు. అక్కడినుంచి చివరిదాకా ఇద్దరి లెక్కా ఒక్కటే. ఒప్పు అయితే ఇద్దరికీ ఒకటే వస్తుంది, ఒప్పుకుంటాను. ఒకే తప్పు ఇద్దరికీ ఎలా వస్తుందమ్మా?"

"నాకు తెల్దు మేడమ్. నేను ఎవురిదీ సూడలేదు."

"అతను నీ ముందు బెంచీ. నువ్వు మాటిమాటికీ తలెత్తి ముందుకు చూశావని ఇన్విజిలేటర్ రాశారు."

"గడియారం సూసినా మేడమ్. ఆ పిల్లోడి తలకాయకు పైన్నే ఉంటాది గడియారం."

ధనంజయ నవ్వాడు. "గడియారం చూసి ఏడు రాశావా?"

ధరణి నవ్వలేదు. చిత్తూరు పక్కన గుడిపాల నుంచి వచ్చిన పిల్ల. తల్లి చెరకు కొట్టే కూలి. ఈ పిల్ల ఎమ్మెస్సీ చదువుతోందని ఆ వాడంతా చెప్పుకుంటారు. కాపీ కొట్టినట్టు తేలితే మూడేళ్లు ఏ పరీక్షా రాయడానికి లేదు. మూడేళ్ల తర్వాత మళ్లీ వచ్చి రాయడం ఆ ఇంట్లో జరిగే పని కాదని చెంగల్రాయుడికి కూడా తెలుసు.

"రేపు పదకొండుకు తేల్చేస్తాం" అంది చంద్రకాంతమ్మ.

బయటికొచ్చి ధరణి నీళ్లు అడిగింది. గ్లాసు అందుకుని, "అన్నా, గడియారం ఆణ్ణే గదా ఉండేది? నువ్వైనా సెప్పొచ్చు గదా" అంది.

"ఆణ్ణే ఉండాది పాపా." ఆ తర్వాత ఆయన నోరు అలవాటు కొద్దీ దానంతటది తిరిగింది. "ఆ గడియారం సంగతి నీకు తెల్దు. ఒకతూరి ఏమైందంటే, చిన్న ముల్లు పెద్ద ముల్లును సూసి కాపీ..."

"ఇప్పుడొద్దన్నా" అంది ధరణి. గ్లాసు స్టూలు మీద పెట్టేసి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం సైకిలు స్టాండు దగ్గర టీ తాగుతున్న జయరావు దగ్గరికి చెంగల్రాయుడు చుట్టూ చూసుకుంటూ పోయాడు.

"సార్, ఆ పిల్లోడి పేపరుకుండే ముడి నాది కాదు సార్."

జయరావు టీ గ్లాసు నోటిదాకా పోయి ఆగింది. "ఏం ముడి?"

"దారం ముడి. నేను కట్టింది ఊడదీసి ఎవురో మళ్లా కట్టినారు. లోపల పేపర్లు కూడా ఎచ్చుగా ఉండాయి."

జయరావు టీ ఊదుకున్నాడు. కోప్పడతాడని చెంగల్రాయుడు అనుకున్నాడు. జయరావు నవ్వాడు.

"పో, పోయి సెప్పు. ముడి సూసి దొంగను పట్టినానని సెప్పు. ఎక్స్‌రేలో పాఠం సదివించినోడివి, చిరుతకు జేబులు వెతికించినోడివి. నమ్ముతారు, పో." తర్వాత గొంతు తగ్గించాడు. "సరే, నమ్మినారే అనుకో. ఏప్రిల్ పదారు, సాయంత్రం ఆరు గంటలు, నా ఎదుట సీలు పడిందని రాసుండే కాడ ఎవురి ఏలుండాది?"

చెంగల్రాయుడు నీలం అంటిన బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాడు.

"నాకంటే ముందు నువ్వు పోతావు. నేను యూనియన్ మనిషిని, ఆరు నెల్లకు తిరిగొచ్చి ఇదే కుర్చీలో కూసుంటా. నువ్వు?" టీ గ్లాసు కింద పెట్టి భుజం మీద చెయ్యి వేశాడు. "ఆ పిల్లోడి నాయన రఘునాథ్ ఉండాడే, గ్రానైటు క్వారీలాయన, ఆయన మాట తీసేసేదానికి నాకు కాలేదప్పా. ముందే సంతకాలు పెట్టుంచిన అడిషనల్ పేపర్లు బీరువాలో ఉండ్నే ఉండాయి. ఆ పాప పేపరు ముందర పెట్టుకోని వొగ పూట రాసుకున్యాడు, అంతే. ముందుండే పిల్లోడు ఎనకాల దాన్ని సూసినాడని ఎవురంటార్లే అనుకుంటిమి. ఎనకాల పిల్ల మెడకు సుట్టుకుంటాదని ఎవురికి తెలుసు? ఆ పాపకు నేనొక దోవ సూపిస్తాలే. నువ్వు గమ్మునుండు. జాబితా సంతకానికి పోతా ఉండాది."

సాయంత్రం తుమ్మలగుంటలో భార్య తాయమ్మ పాలు పితుకుతోంది. చెంగల్రాయుడు సైకిలు గోడకు ఆనించి, ఊరికే నిలబడ్డాడు.

"ఏం మే, పాలు తక్కువిచ్చిందా?"

"పాలు సరిగ్గానే ఉండాయి. నీ మొగమే తక్కువగా ఉండాది. ఏమైంది?"

చెప్పాడు. ఎక్కడా సాగదీయకుండా చెప్పాడు. అయినా తాయమ్మ మధ్యలో చెయ్యి ఆపి, "ఇది కతా, నిజమా?" అంది.

"నిజమే."

"కతైతే బాగుండు." మళ్లీ పితకసాగింది. "సెప్తే పర్మనెంటు పోతాదా?"

"పోతాది. ఉండే కూలి పని కూడా పోతాదేమో."

"సెప్తే నమ్ముతారా?"

"నమ్మరు."

"బలే ఉండాది. నమ్మని మాట సెప్పి ఉండే పని పోగొట్టుకుంటావా?" అంది తాయమ్మ. "సదువు రాని ఏలును వాళ్లకెందుకిస్తివి? ఏం రాసుకున్నారో అడిగినావా ఒకతూరైనా?"

"అందురూ వేస్తారు మే."

"అందురికీ సుట్టుకోలా. నీకు సుట్టుకునింది." చెంబు తీసుకుని లేచింది. "నీ కతల్తో ఇన్నేండ్లలో ఎవురికీ చెడు జరగలా. నువ్వు నోరు మూసుకుంటే మాత్రం జరగతాది. నేనైతే ఏమీ సెప్పను. సెప్పమంటినని రేపు నన్ను తిట్టొద్దు, వద్దంటినని కూడా తిట్టొద్దు."

ఆ పూట సంకటిముద్ద ఆయన పళ్లెంలో ఎలా పెట్టిందో అలాగే ఉంది. రోజూ ఇంటిముందు కూర్చుని కత కోసం చూసే చుట్టుపక్కలవాళ్లకు ఒంట్లో బాగాలేదని చెప్పాడు. ఆ మాట కూడా వాళ్లు నమ్మలేదు.

పొద్దున్నే రెండు నెలల దూడను కట్టేసేటప్పుడు చెయ్యి దాని పని అది చేసింది. చుట్టింది, దూర్చింది, లాగింది. చెంగల్రాయుడు ఆ ముడి వైపు చూస్తూ కాసేపు కూర్చుని, సైకిలు తీశాడు.

పదకొండు గంటలకు ఎవరూ పిలవకుండానే కమిటీ గది తలుపు తానే తోసి లోపలికి పోయాడు.

"మేడమ్, ఒక మాట."

ధనంజయ కళ్లద్దాల మీదుగా చూశాడు. "ఏమయ్యా, చిరుత ఈసారి ఎమ్మెస్సీలో చేరిందా?"

అందరికంటే గట్టిగా జయరావు నవ్వాడు. చెంగల్రాయుడు నోరు తెరిచాడు. కత అయితే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపి చుట్ట వెలిగించాలో ఆయనకు నిద్రలో కూడా తెలుసు. జరిగిన సంగతికి మొదలు ఎక్కడో దొరకలేదు.

"ఆ పిల్లోడి పేపరు కట్టింది నేను కాదు మేడమ్" అన్నాడు చివరికి.

చంద్రకాంతమ్మ పెన్ను కింద పెట్టింది. ఆయన ముడి చూపించాడు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి ఆమె చాలాసేపు చూసింది.

"ఒక ముడి అలా, ఒక ముడి ఇలా పడకూడదా?"

"నాకు ఇంకోటి రాదు మేడమ్."

"ఆ రోజు కట్ట మొత్తం తెప్పించండి" అందామె.

ఏడో నంబరు హాలులో ఆ రోజు రాసినవాళ్లు నలభై ఒక్కరు. మిగతా ముప్పై తొమ్మిది పుస్తకాలు బల్ల మీద పరిచారు. ధనంజయ ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. మొదటి పదింటికీ ఏవో జోకులు వేశాడు. ఇరవై దగ్గర జోకులు ఆగాయి. ముప్పై తొమ్మిదీ ఎడమకు ఒరిగిన పలుపు ముడులే. ఆయనే ఒక దారం ముక్క తీసుకుని ఆ ముడి వేయబోయాడు, మూడుసార్లూ ఊడింది. దారం చెంగల్రాయుడికి ఇచ్చారు. ఆయన చంద్రకాంతమ్మ ముఖమే చూస్తూ, దారం వైపు చూడకుండా, ఎడమచేత్తో కట్టి బల్ల మీద పెట్టాడు.

జయరావు నవ్వు ఎప్పుడో పోయింది. "మేడమ్, ఆ దినం సాయంత్రం ఈయన ఎదురుగానే సీలేసినాం. ఏలిముద్ర ఉండాది. అప్పుడంతా సూసి, ఇప్పుడు కతలు సెప్తా ఉండాడు. వీడి సంగతి మీకు తెలిసిందే గదా" అని రిజిస్టరు తెచ్చి తెరిచాడు.

"ఇది నీ వేలేనా?" అంది చంద్రకాంతమ్మ.

"నాదే మేడమ్."

"అంటే సీలు వేసేటప్పుడు నువ్వున్నావు."

"లేను. ఆవు ఈనతా ఉంటే ఇంటికి పోయినా."

"మరి వేలిముద్ర ఎలా పడింది?"

"అది ముందుగానే వేసినా మేడమ్. పరీచ్చలకు ముందరే. అన్నిటికీ."

"ముందుగా సాక్ష్యం చెప్పడం ఏమిటయ్యా? ఎవరు నమ్ముతారు దీన్ని?"

చెంగల్రాయుడు గోచీ ఊడిపోయినవాడిలా నిలబడ్డాడు. ఒక్క నిమిషం తర్వాత "పేజీ తిప్పండి మేడమ్" అన్నాడు.

తిప్పింది. ఇంకోటి తిప్పింది. అక్కడ ఆగి, తేదీలు పైకి చదవసాగింది. "జూన్ ఇరవై మూడు. ఇరవై నాలుగు. ఇరవై ఐదు..." చదివి తలెత్తింది. "ఈ రోజెంత?"

"ఇరవై" అన్నాడు ధనంజయ.

పదకొండు గడులు, పదకొండు బొటనవేళ్లు, ఇంకా నీలంగా మెరుస్తున్నాయి. ఆఖరిది జూలై నాలుగు.

"జూలై నాలుగో తేదీ సాయంత్రం ఆరు గంటలకు సీలు వేయడం నువ్వు చూసేశావన్నమాట" అంది చంద్రకాంతమ్మ నెమ్మదిగా.

"సూసేసినా మేడమ్."

ఎవరూ నవ్వలేదు. ఆయన పదిహేనేళ్లలో చెప్పిన వాటన్నిటికంటే పెద్ద బొంకు ఆ రిజిస్టరులో గీతలు గీసిన గడుల్లో ఉంది. దాన్ని మాత్రం ఏటా అందరూ నమ్మి పైన సంతకాలు పెడుతూ వచ్చారు. తన సంతకం కూడా ఒక పేజీలో కనిపించి, ధనంజయ చూపు తిప్పుకున్నాడు.

జయరావు చేత అక్కడికక్కడే తాళాలు బల్ల మీద పెట్టించారు. చెంగల్రాయుడు చెప్పింది ధనంజయే కాగితం మీద రాసి, ఇంకు ప్యాడు ముందుకు తోశాడు. చెంగల్రాయుడు చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"ముందు సదవండి సార్."

ధనంజయకు ముఖం ఎర్రబడింది, కానీ చదివాడు. "సాయంత్రం నాలుగున్నర" అని ఉండాల్సిన చోట "ఆరున్నర" అని పడింది. దిద్దించాక చెంగల్రాయుడు వేలు పెట్టాడు.

ఇక అయిపోయిందని ఆయన అనుకున్నాడు. అప్పుడు చంద్రకాంతమ్మ ఫైలులోనుంచి ఇంకో కాగితం తీసి, "ధరణిని పిలవండి" అంది.

ధరణి వచ్చింది. లోపల జరిగిందేమీ ఆమెకు తెలియదు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"'నేనే రూపేష్ పేపరు చూసి రాశాను, క్షమించండి' అని ఈ కాగితం ఈ పొద్దున ఫైలులోకి వచ్చింది. ఇది రాసింది నువ్వేనా?"

"నేనే మేడమ్."

చెంగల్రాయుడు ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు.

"నిజమేనా ఇది?"

ధరణి తల వంచుకుంది. "కాదు మేడమ్. ఒప్పుకోకుంటే మూడేండ్లు, ఒప్పుకుంటే ఒక్క ఏడాదే అన్న్యారు. ఒక్క ఏడాదంటే మాయమ్మకు ఏదో ఒకటి సెప్పుకోవచ్చు. మూడేండ్లంటే నన్ను ఇంక పంపించదు."

"ఎవరన్నారు?"

ధరణి జయరావు వైపు చూసింది. జయరావు కిటికీలోనుంచి కొండ వైపు చూశాడు.

చంద్రకాంతమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె ముఖం ఒక్కసారిగా అలసిపోయినట్టు కనిపించింది. "చూడనిది చూశానని ఈయన వేలు పెట్టాడు. చెయ్యనిది చేశానని నువ్వు సంతకం పెట్టావు. రెండూ నా ముందే ఉన్నాయి. నేనిప్పుడు ఏ కాగితాన్ని పట్టుకోవాలమ్మా?"

"ముడి ఒకటి చెబుతోంది, ఆ అమ్మాయి రాసిన కాగితం ఇంకొకటి చెబుతోంది" అన్నాడు ధనంజయ. "రేపు రూపేష్ తండ్రి రఘునాథ్ లాయరును తెస్తే ఈ కాగితమే పైకి తీస్తాడు."

అరగంట మాట్లాడుకున్నారు. మూడేళ్ల శిక్ష ప్రస్తుతానికి ఆపారు. ఇద్దరి ఫలితాలూ ఆపారు. సోమవారం పది గంటలకు పెద్ద విచారణ. అందరూ వచ్చి మళ్లీ మొదటినుంచీ చెప్పాలి. అంతవరకు చెంగల్రాయుడు పనిలోకి రాకూడదు.

"జాబితా సంగతి, మేడమ్?" అన్నాడాయన.

"అది నా చేతిలో లేదయ్యా" అంది చంద్రకాంతమ్మ. ఆ మాట ఆయన కళ్లలోకి చూసే అంది. పోతూ పోతూ బీఎడ్ గడులున్న ఆ పేజీ మీద అడ్డంగా రెండు గీతలు కొట్టి పక్కన తేదీ వేసింది.

ఎండ నడినెత్తిన ఉంది. ఆ ఎండకు కాకులు ఎగరడం మానేసి నడిచి పోతున్నాయి. మెట్ల కింద నీడలో ధరణి నిలబడి ఉంది. జరిగిందంతా ఎవరో చెప్పినట్టున్నారు.

"నీకు నిన్ననే తెలుసా అన్నా?"

"తెలుసు పాపా. పేపర్లు తెచ్చేటప్పుడే తెలిసింది."

"నాకు నీళ్లిచ్చినప్పుడు కూడా తెలుసునా?"

"తెలుసు."

"నేను రాసిచ్చింది ఈ పొద్దున తొమ్మిదికి" అంది ధరణి.

చెంగల్రాయుడు తల ఊపాడు. నిన్న పదకొండుకు, ఈ పొద్దున తొమ్మిదికి మధ్య ఎంత పొద్దు ఉందో లెక్కలు చదవని ఆయనకు కూడా తెలుస్తోంది. ఎన్నిసార్లు చెప్పి ఉండొచ్చో తెలుస్తోంది. మెట్ల మీద, స్టూలు మీద, సైకిలు స్టాండులో.

"బయమేసింది పాపా."

"నాకూ అంతే" అంది ధరణి.

ఇద్దరూ బస్సు ఆగే చోటిదాకా నడిచారు. ఆయన సైకిలు తోసుకుంటూ ఒక బారెడు వెనక నడిచాడు.

"మాయమ్మకు ఏం సెప్పాల్నో తెలీలేదు" అంది ధరణి. "కాపీ కొట్టలేదంటే మళ్లా ఎందుకు రాసిచ్చినావంటాది."

"ఉండేది సెప్పు."

"నమ్ముతాదా?"

"నమ్మకపోవచ్చు. నేనొచ్చి సెప్పేనా?"

"నువ్వు సెప్తే అసలుకే నమ్మదు" అంది ధరణి. పెదవి కొద్దిగా వంగింది గానీ నవ్వు అయ్యేదాకా పోలేదు. "సోమవారం జయరావు సార్ ఉంటాడు గదా."

"ఉంటాడు."

"రఘునాథ్ కూడా వస్తాడు."

"వస్తాడు. లాయరు కూడా వస్తాడంట."

"నేను రాసింది అబద్దమని అందురి ముందర నేనే సెప్పాల."

"నాది నేను సెప్పాల."

దుమ్ము లేపుకుంటూ చిత్తూరు బస్సు వచ్చింది. ధరణి ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"ఈతూరి నువ్వు ముందు లోపలికి పో అన్నా. నేను నీ ఎనకాల వస్తా."

"పోతా పాపా."

ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. మళ్లీ ఆయన వైపు చూడలేదు. బస్సు రోడ్డు మలుపు తిరిగి, దుమ్ము కిందికి దిగి, ఇంకో బస్సు వచ్చి ఆగేదాకా చెంగల్రాయుడు సైకిలు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.